మార్క్ లించ్ పుస్తకాల్లో ముందు ఏది చదవాలి?

2011 ఫిబ్రవరి 11, శుక్రవారం రాత్రి. కైరోలో ఈజిప్టు అధ్యక్షుడు ముబారక్ గద్దె దిగాడని ఏజెన్సీ కాపీ వచ్చేసరికి మా డెస్కులో జిల్లా ఎడిషన్ పేజీలు దాదాపు అయిపోయాయి. కట్టిన పేజీ విప్పి, బ్యానర్ మార్చి, కింద ఓ బాక్సు ఇరికించాం. ఆ బాక్సుకి 'అరబ్ వసంతం' అని హెడ్డింగ్ పెట్టింది నేనే. "బావుందయ్యా, కవిత్వంలా ఉంది" అన్నాడు మా ఇన్‌ఛార్జి.

ఆ మాట ఎక్కణ్నుంచి వచ్చిందో అప్పటికి నాకు తెలీదు. జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీలో రాజనీతిశాస్త్రం చెప్పే మార్క్ లించ్ అదే ఏడాది జనవరి 6న 'ఫారిన్ పాలసీ' పత్రికలో రాసిన వ్యాసం శీర్షికలో ఉంది. ఆ మాటని బహుశా అనుకోకుండా నేనే పుట్టించానేమో అని తర్వాత ఆయనే రాసుకున్నాడు. తమాషా ఏమిటంటే, ఆ మాట ఆయనకే రుచించలేదు. మరుసటి ఏడు తెచ్చిన పుస్తకానికి 'వసంతం' పక్కనపెట్టి 'తిరుగుబాటు' అని పేరు పెట్టుకున్నాడు. నేను మాత్రం ఆ హెడ్డింగ్‌ని ఇంకో రెండేళ్లు వాడుతూనే ఉన్నాను.

ఆ మొహమాటం కొద్దీ మొదలుపెట్టి లించ్ రాసినవి వరసగా చదివాను. అప్పట్నుంచీ అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు. డెస్కులో కొత్తగా చేరిన పిల్లలు, సివిల్స్‌కి చదివే మేనల్లుడు, దోహాలో ఉద్యోగం చేసే స్నేహితుడు, అందరిదీ ఒకటే ప్రశ్న: "అరబ్ రాజకీయాలు అర్థం కావాలంటే ముందు ఏది చదవాలి?" అందరికీ ఒకే పుస్తకం చెప్పి తప్పు చేశాను కొన్నాళ్లు. చెప్పింది కొనుక్కుని, ముప్పై పేజీలు చదివి, అటక మీద పెట్టేసినవాళ్లు ఉన్నారు. అందుకే ఈసారి వివరంగా రాస్తున్నాను.

తొందరలో ఉన్నవాళ్లకి ముందే చెప్పేస్తాను. ఒక్కటే చదివే ఓపిక ఉంటే 2016లో వచ్చిన 'ది న్యూ అరబ్ వార్స్'. రెండు చదవగలిగితే దానికి ముందు 2012 నాటి 'ది అరబ్ అప్‌రైజింగ్'. టీవీ, పత్రికల మీద ఆసక్తి ఉంటే 2006 నాటి 'వాయిసెస్ ఆఫ్ ద న్యూ అరబ్ పబ్లిక్'. అంతర్జాతీయ సంబంధాలు సబ్జెక్టుగా చదివేవాళ్లయితే 1999 నాటి 'స్టేట్ ఇంటరెస్ట్స్ అండ్ పబ్లిక్ స్పియర్స్'. ఇంట్లో ఎవరైనా కువైట్‌లోనో సౌదీలోనో ఉండి, ఆ దేశాల సంగతి తెలుసుకోవాలని ఉంటే లించ్‌తో మొదలుపెట్టకండి. ఆ కథ వేరు, కిందకి వచ్చాక చెబుతాను.

అన్నీ ఇంగ్లీషు పుస్తకాలే. ఇంగ్లీషు కష్టం అన్నిట్లో ఒకే రకంగా ఉండదు. 2012, 2016 పుస్తకాలు మామూలు పాఠకుల కోసం వేసినవి. దినపత్రిక ఎడిటోరియల్ పేజీ చదవగలిగినవాళ్లు ఇవి చదివేయొచ్చు. 1999, 2006వి యూనివర్సిటీ ప్రెస్ పుస్తకాలు. వాక్యం పొడవు, అడుగడుగునా సిద్ధాంతం.

రెండు పుస్తకాలు, ఒక లిబియా

2012 పుస్తకానికీ 2016 పుస్తకానికీ మధ్య ఉన్నది నాలుగేళ్లే. చదివితే ఇద్దరు వేర్వేరు మనుషులు రాసినట్టుంటాయి. నా ఉద్దేశంలో లించ్‌ని చదవడంలో అసలు లాభం ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చదవడంలోనే ఉంది.

2012 పుస్తకం వేడి వేడిగా రాసింది. 2010 డిసెంబర్ 17న ట్యునీషియాలోని సిదీ బుజీద్‌లో వీధి వ్యాపారి మొహమ్మద్ బువజీజీ ఒంటికి నిప్పంటించుకోవడం, జనవరి 14న ఆ దేశాధ్యక్షుడు బెన్ అలీ విమానమెక్కి పారిపోవడం, 25న కైరోలో తహ్రీర్ చౌక్ నిండిపోవడం, ఫిబ్రవరిలో బహ్రెయిన్ ముత్యాల కూడలి, మార్చిలో సిరియా దరా పట్టణం. ఈ వరుస చదువుతుంటే డెస్కులో మేం ఆ రోజుల్లో పడ్డ హడావుడి గుర్తొస్తుంది. అయితే లించ్ వాదం హడావుడి వాదం కాదు. ఇది పన్నెండు దేశాల్లో పన్నెండు గొడవలు కాదు, ఒకే రంగస్థలం మీద జరిగిన ఒకే కథ అంటాడు. ఒక ఊళ్లో పుట్టిన నినాదాన్ని మరుసటి శుక్రవారం ఇంకో దేశంలో పలికారు. కతార్ టీవీ ఛానెల్ అల్ జజీరా చూసి పెరిగిన తరం ఒకరి దేశం కష్టాన్ని ఇంకొకరు తమదనుకుంది. ఇక మీద ఏ పాలకుడైనా జనం మాట లెక్కలోకి తీసుకోక తప్పదు అన్నది ఆయన లెక్క. 1950లలో కూడా ఇలాంటి ఉప్పెనే వచ్చిందనీ, అది చివరికి ఇంటెలిజెన్స్ పోలీసుల రాజ్యంగా గడ్డకట్టిందనీ ఓ హెచ్చరిక కూడా చేశాడు. చాలామంది ఆ పేజీలు దాటేసి చదివారు. నేనూ మొదటిసారి దాటేశాను.

లిబియా విషయంలో లించ్ ఒక పక్షం తీసుకున్నాడు. 2011 మార్చి 17న భద్రతామండలి లిబియాలో సైనిక జోక్యానికి దారి తెరిచిన 1973వ నంబరు తీర్మానం చేసినప్పుడు మన దేశం ఓటు వేయకుండా కూర్చుంది. రష్యా, చైనా, జర్మనీ, బ్రెజిల్ కూడా అంతే. లించ్ మాత్రం జోక్యం చేసుకోవాలన్న వైపే. బెంఘాజీలో లిబియా నియంత గడాఫీ రక్తపాతం చేసి నెగ్గితే, తుపాకీ పేలిస్తే చాలు గద్దె నిలుస్తుందని మిగతా నియంతలందరూ పాఠం నేర్చుకుంటారని ఆయన భయం. చదువుతుంటే ఆ వాదం బలంగానే తోస్తుంది. నన్నడిగితే, 2012 పుస్తకం చదివినప్పుడు భద్రతామండలిలో మన దేశం పిరికితనం చూపిందనే అనుకున్నాను.

ఆ తర్వాత 2016 పుస్తకం తీయండి. గడాఫీ 2011 అక్టోబర్ 20న చచ్చాడు. రాజ్యం మాత్రం నిలబడలేదు. ఒక మిలీషియా వెనక కతార్, ఇంకో మిలీషియా వెనక ఎమిరేట్స్. నాటో విమానాలు వచ్చి ఒక నియంతని దించాయని చూసిన సిరియా జనం తమకీ అలాంటి సాయం వస్తుందని ఆశపడి ఎదురుచూశారు. రాలేదు. వచ్చిందల్లా డబ్బు, ఆయుధాలు. అవి పంపినవాళ్లు ఒకరితో ఒకరు పోటీపడ్డారు, దాంతో తీసుకున్నవాళ్లు కూడా ముక్కలయ్యారు. లిబియాపై తన అంచనా తప్పిందని లించ్ ఒప్పుకుంటాడు. సన్నాయి నొక్కులు నొక్కడు, "అప్పటి పరిస్థితుల్లో" అని తప్పుకోడు. పండితులు తమ పాత వ్యాసాలని చడీచప్పుడు లేకుండా పూడ్చిపెట్టడం చాలా చూశాను. మా వృత్తిలో అయితే నిన్నటి పేపర్ పొట్లాలు కట్టుకోవడానికే. కాబట్టి ఈ ఒప్పుకోలు చూసి ఆయన మీద గౌరవం పెరిగింది.

2016 పుస్తకం అసలు వాదం ఇది: అరబ్బులు ప్రజాస్వామ్యానికి పనికిరారు కాబట్టి తిరుగుబాట్లు విఫలమయ్యాయన్నది అబద్ధం. పాలకులు గద్దె వదలడానికి ఇష్టపడక, పొరుగు రాజ్యాలు తలో చెయ్యి వేసి విఫలం చేశాయి. ఈజిప్టు ఉదాహరణ చాలు. తిరుగుబాటు తర్వాత ఎన్నికల్లో నెగ్గిన అధ్యక్షుడు మోర్సీ ప్రభుత్వానికి కతార్ అప్పులిచ్చి నిలబెట్టింది. 2013 జులై 3న సైన్యం ఆయన్ని దించింది. దించిన కొద్దిరోజులకే సౌదీ 500 కోట్లు, కువైట్ 400 కోట్లు, ఎమిరేట్స్ 300 కోట్లు, కలిపి 1,200 కోట్ల డాలర్లు ఇస్తామని ప్రకటించాయి. అంతకు ముందు ఈ వార్తలన్నీ నా చేతుల మీదుగానే పోయాయి. విడివిడిగా సింగిల్ కాలం ఐటమ్స్. వాటిని ఒక తాడు మీద కట్టి చూపించినవాడు లించ్.

ఇందులో ఇబ్బంది ఒకటుంది. పేర్లు మరీ ఎక్కువ. సిరియా భాగంలో ఏ దళానికి ఎవరు డబ్బిస్తున్నారో రెండు పేజీల తర్వాత గుర్తుండదు. నేనైతే ఓ తెల్లకాగితం మీద ఎడమవైపు దేశాలు, కుడివైపు దళాలు రాసుకుని మధ్యలో గీతలు గీసుకున్నాను. పుస్తకం పూర్తయ్యేసరికి ఆ కాగితం సాలెగూడులా తయారైంది. మీరూ అలా చేస్తే మంచిది.

పుస్తకం పాతబడిందా? కొంత. 2017 జూన్‌లో సౌదీ, ఎమిరేట్స్, బహ్రెయిన్, ఈజిప్టు కలిసి కతార్‌ని వెలివేయడం అందులో లేదు. 2024 డిసెంబర్ 8న సిరియా అధ్యక్షుడు అసద్ పారిపోవడమూ లేదు. కానీ జనం కోపం చల్లారలేదు, మళ్లీ లేస్తుంది అన్నాడు. 2019 ఏప్రిల్‌లో అల్జీరియా అధ్యక్షుడు బుతెఫ్లికా, సూడాన్ అధ్యక్షుడు బషీర్ తొమ్మిది రోజుల తేడాతో దిగిపోయారు. ఆ అక్టోబర్‌లో బాగ్దాద్, బేరూత్ వీధులు నిండాయి. కతార్ గొడవ కూడా ఆ పుస్తకం చదివినవాళ్లకి ఆశ్చర్యం కలిగించలేదు. విత్తనం అందులోనే కనిపిస్తుంది.

హైదరాబాదు వాళ్లకి ఒక మాట. యెమెన్ భాగాన్ని కొంచెం నెమ్మదిగా చదవండి. బార్కస్‌లో ఉన్న చాలా కుటుంబాల మూలాలు యెమెన్‌లోని హద్రమౌత్‌లో ఉన్నాయి. నిజాం సైన్యంలోకి వచ్చిన అరబ్బుల వారసులు వాళ్లు. 2015 మార్చి 26న సౌదీ విమానాలు బాంబులు వేయడం మొదలుపెట్టిన వారం రోజుల్లో అక్కడున్న మనవాళ్లని తీసుకురావడానికి మన ప్రభుత్వం 'ఆపరేషన్ రాహత్' నడిపింది. అప్పుడు బార్కస్‌లో టీ కొట్టు దగ్గర నిలబడి జనంతో మాట్లాడాను. ఏ పుస్తకంలోనూ దొరకని ప్రశ్నలు వాళ్ల దగ్గర ఉన్నాయి.

టీవీ పుస్తకం

2006 నాటి పుస్తకం ఎవరికంటే ముందుగా జర్నలిస్టులకి. అల్ జజీరా 1996 నవంబర్‌లో దోహాలో మొదలైంది. 'ఎదురు దిక్కు' అనే అర్థం వచ్చే పేరుతో ఫైసల్ అల్ ఖాసిం నడిపే చర్చ ఉండేది. బల్ల చుట్టూ ఇద్దరు బద్ధశత్రువులు, మధ్యలో ఆయన, ఫోన్లో మొరాకో నుంచీ లండన్ నుంచీ జనం. అప్పటిదాకా అరబ్ టీవీ వార్త అంటే రాజుగారు ఎవరికి కరచాలనం చేశారన్నదే. ఇరాక్ మీద ఆంక్షల గురించీ, 1998 డిసెంబర్‌లో అమెరికా బాంబుదాడుల గురించీ, 2003 తర్వాత సద్దాం ఎంత నియంత అన్నదాని గురించీ వాళ్లు టీవీలో బహిరంగంగా కొట్లాడుకున్నారు. లించ్ అలాంటి చర్చలని వందల సంఖ్యలో ముందేసుకుని కూర్చుని, లెక్కగట్టి, ఏ అంశం మీద ఎన్ని జరిగాయో తేల్చాడు.

'అరబ్ స్ట్రీట్' అని పాశ్చాత్య పత్రికలు రాసే మాట మీద ఆయనకి మంట. జనం అంటే కోపమొస్తే జెండాలు తగలబెట్టే గుంపు కాదు, వాదించుకునే సమాజం అంటాడు. అయితే ఆ సమాజానికి గొంతు ఉంది గానీ చెయ్యి లేదు. స్వేచ్ఛగా జరిగే ఎన్నికలు, అధికారం ఉన్న పార్లమెంటు చాలా దేశాల్లో లేవు. వాదనలో నెగ్గినా విధానం మారదు. ఈ ఒక్క పాయింట్ కోసం పుస్తకం చదవొచ్చు. మన రాత్రి తొమ్మిది గంటల డిబేట్ల గురించి ఇలా కూర్చుని లెక్కగట్టి ఎవరైనా రాస్తే బావుండునని ఎన్నోసార్లు అనుకున్నాను. మనకి చెయ్యి ఉంది గానీ వాదన సంగతి నేను చెప్పక్కర్లేదు.

ఇదే అల్ జజీరా 2012 పుస్తకంలో తిరుగుబాట్లని మోసిన వేదిక. 2016 పుస్తకానికి వచ్చేసరికి కతార్ విదేశాంగ విధానానికి చేతికర్ర. తహ్రీర్ మీద నుంచి కెమెరా కదల్చని ఛానెల్ అరబిక్ ప్రసారాల్లో బహ్రెయిన్‌ని చూపించడానికి వెనకాడింది. సౌదీల అల్ అరబియా ఇంకో వైపు. ఉమ్మడి వేదిక కాస్తా రెండు మైకుల కొట్లాట అయింది. ఒకే ఛానెల్ మీద ఒకే పండితుడి అభిప్రాయం మూడు పుస్తకాల్లో మూడు రకాలుగా మారడం చూడాలంటే ఈ మూడూ ఇదే వరుసలో చదవాలి. టైముండి చదివేవాళ్లకి నా సలహా ఇదే.

జోర్డాన్ పుస్తకం, మా అన్న ప్రశ్న

1999 నాటి మొదటి పుస్తకం మీద నాకు పక్షపాతం ఉంది. కారణం మా పెదనాన్న కొడుకు.

మా అన్నది రాజంపేట దగ్గర పల్లె. 1990 ఆగస్టు 2న సద్దాం సైన్యం కువైట్‌లోకి దిగినప్పుడు ఆయన ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు. బస్సులో బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దు ఎడారిలో గుడారాల్లో పడ్డాడు. అక్కణ్నుంచి అమ్మాన్, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానంలో బొంబాయి. అలా లక్షమందికి పైగా మనవాళ్లని తీసుకొచ్చారు. కడప జిల్లా నుంచీ గోదావరి జిల్లాల నుంచీ వెళ్లినవాళ్లు వాళ్లలో చాలామంది. ఊరికొచ్చాక ఆయన ఎడారి గురించి కంటే ఎక్కువగా అమ్మాన్ గురించి చెప్పేవాడు. "యాడ జూసినా సద్దాం ఫోటోలే. ఆ దేశం రాజేమో అమెరికా మనిషంటారు. మరి ఆ ఫోటోలేందిరా అబ్బీ?" నేను డిగ్రీ చదువుతున్నాను కాబట్టి నాకు తెలిసి ఉండాలని ఆయన నమ్మకం. తెలియదు.

లించ్ మొదటి పుస్తకం సరిగ్గా ఆ ప్రశ్న మీదే. అంతర్జాతీయ సంబంధాల పాఠ్యపుస్తకం ప్రకారం చిన్న దేశం బలవంతుడి పక్కన చేరాలి. జోర్డాన్ రాజు హుస్సేన్ అమెరికా, సౌదీల సాయంతో బతికేవాడు. అయినా ఇరాక్ మీది కూటమిలో చేరలేదు. మూల్యం చెల్లించాడు కూడా. గల్ఫ్ దేశాలు సాయం ఆపేశాయి, కువైట్ నుంచి 3 లక్షల మంది దాకా పాలస్తీనీయులు, జోర్డానీయులు వచ్చి పడ్డారు. ఎందుకు చేశాడు?

ఇరాక్‌తో వ్యాపారం ఉంది, ఇరాక్ చమురు ఉంది. ఆ లెక్కలు లించ్ కొట్టిపారేయడు. కానీ అవి చాలవంటాడు. 1989 ఏప్రిల్‌లో ధరలు పెంచితే మాన్ పట్టణంలో అల్లర్లు లేచాయి. రాజు దిగొచ్చి, నవంబర్‌లో ఎన్నికలు పెట్టి, పత్రికలకి కాస్త ఊపిరి వదిలాడు. సరిగ్గా ఆ గాలి ఆడుతున్న సమయంలో కువైట్ సంక్షోభం వచ్చింది. పత్రికల్లో, మసీదుల్లో, వృత్తి సంఘాల్లో అంతా మాట్లాడుకుని 'మన దేశ ప్రయోజనం ఇదీ' అని ఒక మాట మీదికి వచ్చారు. ఆ మాట దాటి వెళ్లడం రాజుకి కూడా కుదరలేదు. అంటే దేశ ప్రయోజనం అన్నది మ్యాపు మీదా ఖజానాలోనూ ముందే రాసిపెట్టి ఉండదు, నలుగురూ మాట్లాడుకునే చోట తయారవుతుంది. నాలుగేళ్ల తర్వాత, 1994 అక్టోబర్‌లో ఇజ్రాయెల్‌తో శాంతి ఒప్పందం చేసుకున్నప్పుడు రాజు జనాన్ని ఒప్పించకుండానే ముందుకెళ్లాడు. సంతకాలు అయ్యాయి గానీ ఒప్పందం జనంలోకి ఇంకలేదు. 1997లో పత్రికల చట్టం బిగించి వారపత్రికల నోరు మూయించాల్సి వచ్చింది.

చదవడానికి కష్టమైన పుస్తకం. జర్మన్ తత్వవేత్త హాబర్‌మాస్ పేరు వచ్చే మొదటి అధ్యాయాలు సబ్జెక్టు చదవనివాళ్లు వదిలేసినా నష్టం లేదు. పాలస్తీనాలోని వెస్ట్ బ్యాంక్‌ని జోర్డాన్ 1988 జులైలో వదులుకున్న కథ నుంచి మొదలుపెట్టండి. సివిల్స్‌లో పొలిటికల్ సైన్స్ తీసుకున్నవాళ్లు మాత్రం మొదటి అధ్యాయాలు తప్పకుండా చదవాలి. వాస్తవికవాదానికీ నిర్మాణవాదానికీ తేడా ఏమిటని అడిగితే జోర్డాన్ ఉదాహరణ రాసినవాళ్లు ఎంతమంది ఉంటారు?

లించ్ కాకుండా ఇంకెవరు

మాల్కమ్ కెర్ రాసిన 'ది అరబ్ కోల్డ్ వార్' చదవకుండా లించ్‌ని చదివితే సగమే అందుతుంది. కెర్ బేరూత్‌లో పుట్టిన అమెరికన్. మొదటి ముద్రణ 1965లో. 1970 దాకా కథ పొడిగించిన మూడో ముద్రణ 1971లో వచ్చింది. అదే తీసుకోండి. రెండు వందల పేజీలు కూడా ఉండదు. 1950, 60లలో అరబ్ రాజ్యాల మధ్య నడిచిన పోటీ కథ. కథానాయకుడు ఈజిప్టు అధ్యక్షుడు నాసర్.

అందులో 1963 కైరో చర్చల భాగం నాటకంలా ఉంటుంది. ఈజిప్టు, సిరియా 1958లో కలిసి ఒకే రాజ్యమై, 1961లో విడిపోయాయి. 1963లో ఇరాక్‌లోనూ సిరియాలోనూ బాత్ పార్టీ గద్దెనెక్కి, మళ్లీ ఏకమవుదామంటూ నాసర్ దగ్గరకొచ్చింది. విడిపోవడాన్ని సమర్థిస్తూ సంతకం పెట్టిన సిరియా బాత్ నాయకుడు బితార్ ఇప్పుడు కలుద్దామంటూ ఎదురుగా కూర్చున్నాడు. నాసర్ ఊరుకుంటాడా? పాత కాగితాలు తీసి గుచ్చి గుచ్చి అడుగుతుంటే బాత్ పెద్దలు నీళ్లు నములుతారు. ఈ మాటలన్నీ ఈజిప్టు ప్రభుత్వమే అచ్చేసి జనంలోకి వదిలింది, ఎదుటివాళ్ల పరువు తీయడానికి. కెర్ ఆ మినిట్స్‌ని అందంగా వాడుకున్నాడు. ఏప్రిల్ 17న మూడు దేశాలూ ఒప్పందం చేసుకున్నాయి. జులైకల్లా అది చిత్తుకాగితం. సీట్ల సర్దుబాటు చర్చలు కవర్ చేసిన తెలుగు విలేకరి ఎవరైనా ఈ అధ్యాయం చదివి నవ్వకుండా ఉండలేడు. 1967 జూన్ యుద్ధం తర్వాత అరబ్ రాజకీయాల్లో సరదా పోయిందని కెర్ మూడో ముద్రణ ముందుమాటలో బాధపడ్డాడు. బేరూత్‌లోని అమెరికన్ యూనివర్సిటీకి ఆయన అధ్యక్షుడయ్యాడు. 1984 జనవరి 18న తన ఆఫీసు గది బయటే తుపాకీ గుళ్లకి చనిపోయాడు.

2012 పుస్తకంలో లించ్ కెర్‌ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటాడు. కొత్త కోల్డ్ వార్‌కి పాత దాని అచ్చు చూపిస్తాడు. కాబట్టి కెర్, లించ్ 2012, లించ్ 2016 అనే వరుస నాకు బాగా నచ్చింది.

మైఖేల్ బార్నెట్ 1998లో రాసిన 'డైలాగ్స్ ఇన్ అరబ్ పాలిటిక్స్' కూడా ఇదే తోవలోది. అరబ్ నేతలు ట్యాంకులతో కంటే రేడియోతో ఎక్కువ కొట్టుకున్నారంటాడు. 1955లో బ్రిటన్ అండ ఉన్న బాగ్దాద్ ఒడంబడిక అనే సైనిక కూటమిలో చేరబోయిన జోర్డాన్‌ని వీధుల్లో అల్లర్లే ఆపాయి. లించ్ 1999 పుస్తకం చదివి ఇంకా కావాలనిపించినవాళ్లకి మాత్రమే.

ఫువాద్ అజామీ సంగతి వేరు. దక్షిణ లెబనాన్ పల్లెలో పుట్టినవాడు. 1981లో వచ్చిన 'ది అరబ్ ప్రెడికమెంట్' వచనం చదువుతుంటే అసూయ పుడుతుంది. లించ్ అలా రాయలేడు, రాయడు. కానీ అజామీ అరబ్ సమాజాన్ని తీర్పరిలా చూస్తాడు. 2003 ఇరాక్ యుద్ధాన్ని ఆయన గట్టిగా సమర్థించాడు. అంతకు ముందు 2002 ఆగస్టులో అమెరికా ఉపాధ్యక్షుడు డిక్ చెనీ ఆయన పేరు చెప్పి, బస్రా, బాగ్దాద్ వీధులు సంబరాలు చేసుకుంటాయని ప్రసంగించాడు. భాష కోసం చదవండి. రాజకీయం కోసమైతే లించ్ 2006 పుస్తకం పక్కన పెట్టుకుని చదవండి. ఒకే జనాన్ని ఒకరు పైనుంచి చూశారు, ఇంకొకరు వాళ్ల మాటలు విన్నారు.

ఇక గల్ఫ్‌లో మనవాళ్లున్న ఇళ్లకి. గ్రెగరీ గాజ్ రాసిన 'ది ఇంటర్నేషనల్ రిలేషన్స్ ఆఫ్ ద పర్షియన్ గల్ఫ్', 2010. 1971లో బ్రిటిష్ వాళ్లు వెళ్లిపోయినప్పటి నుంచి 2003 ఇరాక్ యుద్ధం దాకా. సద్దాం 1980లో ఇరాన్ మీదికీ 1990లో కువైట్ మీదికీ ఎందుకు వెళ్లాడంటే, ఆశ కంటే భయం పెద్దదంటాడు గాజ్. బయటివాళ్లు లోపలి జనాన్ని రెచ్చగొట్టి తన గద్దెని కూలదోస్తారన్న భయం. సూటిగా రాస్తాడు, గాభరా పెట్టడు. కరీంనగర్, జగిత్యాల, కడప, కోనసీమ ఇళ్లలో ఒకరైనా ఇది చదివి ఇంట్లో చెబితే బావుంటుంది.

అయితే గాజ్‌లోనైనా లించ్‌లోనైనా ఒకటి దొరకదు. ఆ దేశాల్లో ఇళ్లు కట్టి, కార్లు నడిపి, వంటలు చేసే లక్షల మంది బయటి కూలీలు ఈ పుస్తకాల్లో పాత్రలు కారు. పాలకుడు, ప్రజ, ప్రత్యర్థి, అమెరికా. ఈ నలుగురితోనే ఆట నడుస్తుంది. కువైట్‌లో పని చేసేవాళ్లలో స్థానికులకంటే బయటివాళ్లే ఎక్కువ. సంక్షోభం రాగానే ముందు రోడ్డున పడేదీ వాళ్లే. అంతర్జాతీయ సంబంధాల శాస్త్రం ఇంకా వాళ్లని సామాను లెక్కలోనే చూస్తోందని నా కోపం. లించ్‌లో తిండి, నీళ్లు, కూలి రేట్లు కూడా పలచగానే ఉంటాయి. మీడియా, పాలకుల ఎత్తులు చిక్కగా ఉంటాయి.

కొనే ముందు

'ది అరబ్ అప్‌రైజింగ్' ఆర్డరిచ్చేటప్పుడు పేరు రెండుసార్లు చూసుకోండి. 2014లో లించ్ సంపాదకుడిగా 'ది అరబ్ అప్‌రైజింగ్స్ ఎక్స్‌ప్లెయిన్డ్' అని ఇంకోటి వచ్చింది. పలువురు పండితుల వ్యాసాల సంకలనం. నేను ఒకటనుకుని ఇంకొకటి తెప్పించుకుని, వెనక్కి పంపడానికి వారం తిప్పలు పడ్డాను. సంకలనం చెడ్డది కాదు, కానీ పరిశోధన చేసేవాళ్లకి. అదే కోవలో 2022లో జిలియన్ ష్వెడ్లర్, షాన్ యోమ్‌లతో కలిసి ఆయన సంపాదకత్వం వహించిన 'ద పొలిటికల్ సైన్స్ ఆఫ్ ద మిడిల్ ఈస్ట్' ఉంది. పీహెచ్‌డీ అంశం వెతుక్కునేవాళ్లు దాంతో మొదలుపెట్టొచ్చు.

డబ్బు పెట్టే ముందు రుచి చూడాలంటే మార్గం ఉంది. లించ్ 2010లో మొదలుపెట్టిన పోమెప్స్ అనే పండితుల బృందం వ్యాస సంపుటాలని ఉచితంగా పీడీఎఫ్‌లో ఇస్తుంది. పొట్టి వ్యాసాలు. రెండు మూడు చదివితే ఈ తరహా రాత మీకు పడుతుందో లేదో తేలిపోతుంది. యూనివర్సిటీ ప్రెస్ పుస్తకాలు జేబుకి బరువు. హైదరాబాదులో ఉంటే ఉస్మానియా, ఇఫ్లూ లైబ్రరీల్లో అడిగి చూడండి. రెండు చోట్లా అరబిక్ విభాగాలున్నాయి.

మా అన్నకి ఇంగ్లీషు రాదు. మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు జోర్డాన్ పుస్తకం సంగతి అరుగు మీద కూర్చుని తెలుగులో చెప్పాను. రాజు అమెరికా మాట వినకపోవడం, అంతకు ముందు ఏడు ఎన్నికలు, పత్రికల్లో చర్చలు. ముప్పై ఏళ్ల పైబడిన ప్రశ్నకి జవాబు దొరికిందని నా ఉత్సాహం. ఆయన బీడీ ఆర్పి కాసేపు ఊరుకున్నాడు.

"అయితే ఆ ఫోటోలు రాజు పెట్టించినవి కావు" అన్నాడు. "నాకప్పుడే అనుమానం. సర్కారోళ్లు పెట్టిస్తే అన్నీ ఒకే రకం ఉండాల గదా. ఆడ ఒక్కో కొట్లో ఒక్కో రకం ఫోటో ఉన్నింది."